మోకాలి వెనుకటి ధమనికి వచ్చు తిత్తిరోగమును గూర్చి



ప్రతివర్షమును ఈ మహాసభయందు మాకు ఒప్పగింపబడు విషయము విద్యనుగూర్చియో, మార్కండేయ భావనర్షుల కథలను గూర్చియో యుండెడిది. ఈసారి కార్యనిర్వాహకులు విషయనిర్ణయమును మాకే విడిచిరి. మోకాలి వెనుకనున్న ధమనికి వచ్చు ఒకానొక అరుదైన రోగమును గూర్చి మాటాడెదమని మేము వ్రాసి పంపగా, పెద్దలొకరు "మాష్టరుగారూ, చక్కెరవ్యాధి, రక్తపుపోటు ఇంటింటను గలవు. వేయిమందిలో ఒకనికి రాని జబ్బు మనకేల?" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పియే ముందునకు సాగెదము.

ప్రసిద్ధములైన రోగములను గూర్చి చెప్పువారు పెక్కండ్రు గలరు. గోడలమీదను, పత్రికలలోను, చేతిఫోనులలోను ఆ బోధలకు కొదువ లేదు. పేరు తెలియని రోగము వచ్చినప్పుడే మనలో ఊహలు బయలుదేరును. ఒకరు గాలి సోకినదందురు, ఒకరు వంశదోషమందురు, ఒకరు దురలవాటు ఫలమందురు. మన కులములోనే ఒక కుటుంబము రెండేండ్లపాటు రోగముచేత కొంతయు, ఈ ఊహలచేత అంతకంటె నెక్కువయు బాధపడినది. ఆ ముచ్చట ముందు రాగలదు. మొదట శరీరనిర్మాణమును గూర్చి కొన్ని మాటలు చెప్పక తప్పదు.

గుండెనుండి వెడలిన మహాధమని బొడ్డుదగ్గర రెండుగా చీలి, ఒక్కొక్క శాఖ యొక్కొక్క కాలిలోనికి దిగును. అది తొడ లోపలిప్రక్కగా పోయి, మోకాలి వెనుకనున్న గుంటలో ప్రవేశించును. ఆ చోట దానిని ఆంగ్లవైద్యులు పాప్లిటియల్ ఆర్టరీ యందురు. మేము జానుధమని యని పిలిచెదము. పిక్కకును పాదమునకును రక్తము పోవుటకు రాజమార్గ మిదియే. ప్రక్కదారులు లేకపోలేదు గాని యవి సన్ననివి. కూర్చున్నవానికి చాలును, నడచువానికి చాలవు. మోకాలు వంచినప్పుడెల్ల ఈ ధమనియు వంగవలయును. దినమునకు ఎన్నివేలమారులు వంగునో మగ్గముమీద కూర్చున్నవారు లెక్క వేసికొనవచ్చును.

తామరతూటి నారతో వస్త్రము నేసిన ఋషిసంతతివారమని చెప్పుకొను మనకు తూడనగా నేమో తెలియును. ధమనియు నట్టి గొట్టమే. కాని దాని గోడ ఒక్క పొర కాదు, మూడు కంచుకములు. రక్తము తాకెడి లోపలిపొర మిక్కిలి నున్ననిది. నడిమిది కండరముతోను సాగెడి నారతోను అల్లినది. వెలుపలిది గట్టినారతో గొట్టమును చుట్టియుండును. ఈ వెలుపలిపొరకు అడ్వెంటీషియా యని పేరు. లాటినుభాషలో ఆ మాటకు వెలుపలినుండి వచ్చినదని యర్థము. మన 'ఆగంతుక' శబ్దమునకు అది తోబుట్టువు; లాటిను 'వెనీరె' యను ధాతువును, మన 'గమ్' ధాతువును ఒక్క మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఏబదియేండ్లు ధాతుపాఠముతో కాలక్షేపము చేసినవారము గావున ఈ మాట చెప్పక యుండలేకపోతిమి.

మన మెరిగిన ధమనీరోగములు చాలవరకు లోపలిపొరనే పట్టును. క్రొవ్వు పేరుకొని, గోడ గట్టిపడి, దారి యిరుకగుట వానిలో ముఖ్యమైనది. పొగత్రాగుట, చక్కెరవ్యాధి, రక్తపుపోటు దానికి తోడ్పడును. పొగాకు వాడుకగల పడుచువారిని పట్టెడి బర్జరువ్యాధి మరియొకటి. 1908లో లియో బర్జరు దానిని వివరించెను. మే మీదినము చెప్పబోవు రోగ మట్టిది కాదు. ఇందు లోపలిపొరకు ఏ దోషమును లేదు. వెలుపలిపొర నడుమ ఒక తిత్తి పుట్టును. ఆ తిత్తిలో జిగటద్రవ మూరును. మనము పడుగునకు పెట్టెడి గంజి చిక్కబడి చల్లారినప్పు డెట్లుండునో అట్లుండునని చూచినవారు చెప్పగా వింటిమి. కీళ్లలోని జిగటకు కారణమైన హయలూరోనికామ్లమే ఇందును విస్తారముగా నుండును. తిత్తి ఉబ్బినకొలది గొట్టము ప్రక్కనుండి నొక్కబడి, నడుమ దారి నెలవంకవలె సన్నగిల్లును. రంగుమందు ఎక్కించి తీసిన చిత్రములో ఒక ప్రక్కనుండి నొక్కినచో వంపుకత్తివలె గన్పట్టును. చుట్టును నొక్కినచో డమరుకము నడుమువలె గన్పట్టును. దీనికి వైద్యులు పెట్టిన పేరు సిస్టిక్ అడ్వెంటీషియల్ డిసీజ్. బాహ్యకంచుక తిత్తిరోగ మనిన మనకు సరిపోవును.

ఇది వైద్యలోకమునకు తెలిసి ఎక్కువకాలము కాలేదు. 1947లో లండనులో ఆట్కిన్సు, కీ యను శస్త్రవైద్యు లిరువురు మొట్టమొదట ఇట్టిదానిని ప్రకటించిరి. అది మోకాటిది గాదు, కటిప్రాంతపు ధమనియందలిది. మోకాటి వెనుకటి ధమనిలో దీనిని 1954లో స్వీడనుదేశమున ఏజ్రుప్, హియర్టొన్ అనువారు వర్ణించిరి. 1961లో జపానుదేశీయుడగు ఇషికావా, ఆయన సహచరులును దీని నొక పరీక్షచేత గుర్తింపవచ్చునని తెలిపిరి. ఆ పరీక్ష యెట్టిదో క్రింద చెప్పెదము. పిమ్మట లోకమంతటను గ్రంథస్థమైన కేసులు కొన్నివందలు మాత్రమే. నడచునప్పుడు పిక్కనొప్పి వచ్చువారు సుమారు పండ్రెండువందలమందిలో ఒకరికి ఇది కారణమని అంచనా. వచ్చినవారిలో నూటికి ఎనుబదియైదుగురికి మోకాటి వెనుకనే వచ్చును. స్త్రీలకంటె పురుషులకు నాలుగైదురెట్లు ఎక్కువ. వయస్సు తరచుగా నలువదికి అటునిటు, అనగా సంసారభారము తలకెత్తుకొన్న వయస్సు.

లక్షణము నడకలోనే తెలియును. కొంతదూరము నడవగానే పిక్క బిగిసి పట్టుకొనును. నిలిచినచో తగ్గును. మరల నడచిన మరల వచ్చును. ఈ తీరు నొప్పిని ఆంగ్లమున క్లాడికేషన్ అందురు. కుంటుటయని లాటిను అర్థము. కుంటినడకగల రోము చక్రవర్తి క్లాడియసు పేరును ఆ మూలమునకు చెందినదే. 1831లో ఫ్రాన్సుదేశమున బూలే యను పశువైద్యుడు బండిలాగు గుఱ్ఱమునందు ఈ లక్షణమును కనుగొనెను. అది మనుష్యులందును గలదని 1858లో షార్కో మహావైద్యుడు చూపెను. గుఱ్ఱమునకు మొదట గుర్తించి, మనిషికి ఇరువదియేడేండ్లకు గాని గుర్తింపకపోవుట వింతగనే యున్నది. గుఱ్ఱము నిలిచిపోయినచో బండి నిలిచిపోవును గదా. మనిషి కుంటుచునైనను పని చేయును.

ఇచ్చట మన ప్రాచీనులను గూర్చి ఒకమాట. సుశ్రుతాచార్యులు తొడయు పిక్కయు కలియుచోట జానుమర్మమును చెప్పి, అక్కడ దెబ్బతగిలినవాడు కుంటివాడగునని వ్రాసినారు. పిక్క నడుమనున్న ఇంద్రవస్తిమర్మమున గాయమైనచో రక్తక్షయముచే ప్రాణాపాయమని చెప్పినారు. ఆ ప్రదేశపు ప్రాముఖ్యము వారికి సుస్పష్టముగా తెలియునన్నమాట. అంతమాత్రముచేత ఈ తిత్తిరోగమును వారెరిగియుండిరని మేము చెప్పజాలము. ఇట్టి సంచికలలో ప్రతి నూతనవిషయమును మన గ్రంథములలో ముందే యున్నదని వ్రాయుట ఆచారమైపోయినది. ఉన్నదానిని ఉన్నదనుటయే ఆచార్యులకు గౌరవము. లేనిదానిని అంటగట్టినచో వారి ఉన్న గొప్పతనమును గూడ సందేహింతురు. తుంటినుండి పాదమువరకు ప్రాకెడి గృధ్రసీవాతము వేరు, నడచిన వచ్చి నిలిచిన పోవు ఈ పిక్కనొప్పి వేరు. ఈ రెంటిని కలిపివేయుటచేతనే పెక్కుమంది తైలమర్దనముతో నెలలు గడుపుచున్నారు.

ఇక ఆ కుటుంబపు ముచ్చట. రోగి మా మేనల్లుడు. అతని అనుమతి తీసికొనియే చెప్పుచున్నాము; పేరు మాత్రము చెప్పము. గుంటమగ్గముమీద నేసెడివాడు, నలువదిరెండేండ్లవాడు. ఒకనాడు సంతనుండి నూలుమూట భుజమున వేసికొని వచ్చుచుండగా కుడిపిక్క హఠాత్తుగా పట్టుకొన్నది. అది మొదలు రెండువందల అడుగులు వేయుసరికి నిలిచిపోవలసి వచ్చెడిది. నొప్పి తగ్గుటకు పావుగంట పట్టెడిది. కొన్నివారములు తగ్గినట్లే యుండి మరల వచ్చెడిది. తైలములు రాచిరి. ఇసుకకాపడము పెట్టిరి. ఒక ఆసుపత్రిలో నడుమునరము నొక్కుకొన్నదని సూదులు పొడిచిరి. మరియొకచోట రక్తము పరీక్షించి, చక్కెర లేదు, క్రొవ్వు లేదు, పాదమున నాడి బాగుగ కొట్టుచున్నది, రక్తనాళమునకు దోషము లేదని పంపివేసిరి. బల్లమీద కాలు చాపి పరుండబెట్టి నాడి చూచిరి. చాపిన కాలిలో నాడి యుండుట నిజమే.

ఇంతలో ఊరిలో మాటలు పుట్టినవి. కాలి రక్తనాళము జబ్బనగానే చాటుగా బీడీలు త్రాగునని కొందరనిరి. అతడు జన్మలో పొగ ముట్టినవాడు కాడు. మగ్గము గుంటలో కూర్చుండుటచేత వచ్చినదని కొందరు, అది అంటువ్యాధి యని కొందరు, తాతకును కాలు లాగెడిదని ఇంకకొందరు. అతని పెద్దకూతురికి ఒక మంచి సంబంధము వచ్చియుండెను. కట్నకానుకల ముచ్చటలు గూడ ముగిసినవి. నిశ్చితార్థమునకు నాలుగుదినములు ముందు మగపెండ్లివారు కబురంపిరి: 'కాలిజబ్బు వంశములో నున్నదట, మావాడు వెనుకాడుచున్నాడు' అని. మా మేనల్లుడు మాతో అన్నమాట ఇది: "మామయ్యా, నా కాలు పోయినను ఓర్చుకొందును. నా కాలు నా బిడ్డ మెడకు చుట్టుకొన్నది."

చివరకు ఒక యువవైద్యురాలు వేరు ప్రశ్న వేసినది. నడచునప్పుడు గాక మరెప్పుడైన పాదము చల్లబడునా యని. మగ్గముమీద మోకాలు వంచి చాలసేపు కూర్చున్నచో కుడిపాదము మొద్దుబారి చల్లబడుననియు, లేచి నిలిచినచో సరిపడుననియు ఇతడు చెప్పెను. అది వాతమని యందరును త్రోసివేసిన మాట. ఆమె వ్రేలిని పాదపు నాడిమీద నుంచియే అతని మోకాలిని మెల్లగా పూర్తిగా వంచినది. నాడి మాయమైనది. చాపగానే తిరిగి వచ్చినది. పైన చెప్పిన ఇషికావా పరీక్ష యిదియే. దీనికి కావలసిన పరికరము మూడు వ్రేళ్లు.

ఐనను ఆ పరీక్ష ఒక్కటియే చాలదు. పడుచు ఆటగాండ్రలో పిక్కకండరమే ధమనిని చిక్కించుకొని నొక్కెడి వేరొక స్థితి కలదు. 1879లో ఎడింబరోలో ఒక వైద్యవిద్యార్థి దానిని కనిపెట్టెను. అందు మోకాలు వంచినప్పుడు గాక, పాదమును బలముగా క్రిందికి త్రొక్కినప్పుడో, పైకి వంచినప్పుడో నాడి తగ్గును. నిర్ణయమునకు డ్యూప్లెక్స్ అల్ట్రాసౌండు పరీక్షయు, ఎమ్మారై చిత్రమును కావలయును. చీలమండదగ్గరి రక్తపుపోటును చేతి రక్తపుపోటుతో పోల్చి చూచుటయు గలదు. ఆ నిష్పత్తి 0.9కి తగ్గినచో దోషమున్నదందురు. కాని ఈ రోగమున విశ్రాంతిగా నున్నప్పుడు అది సరిగానే యుండవచ్చును. నడిపించి చూచిన తరువాతనే పడిపోవును. మా మేనల్లునికి అట్లే జరిగినది. ఎమ్మారైలో ధమని గోడయందు తిత్తి తెల్లగా స్పష్టముగా గన్పట్టినది.

తిత్తి ఏల పుట్టునను ప్రశ్నకు వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. మాటిమాటికి తగిలెడి ఒత్తిడిచేత నని కొందరనిరి. అది నిజమైనచో మోకాలు వంచి పనిచేయు నేతగాండ్రకు, కూలీలకు, ఆటగాండ్రకు ఇది సర్వసాధారణము కావలసియుండును, అట్లు కాలేదు. గర్భములో అవయవములు ఏర్పడునప్పుడు కీలునకు చెందవలసిన కణములు కొన్ని ధమని గోడలో చిక్కుకొని, పెద్దయైన పిమ్మట జిగటద్రవమును స్రవించునని 1998లో లెవియెన్, బెన్ అనువారు వాదించిరి. కీలులోని ద్రవమే ధమనియొక్క చిన్నశాఖ వెంబడి ప్రాకి గోడలో చేరునని మరికొందరందురు. మణికట్టుమీద బఠానీగింజవలె లేచెడి బుడిపను మీరు చూచియుందురు. ఈ తిత్తి దానికి దాయాదియే. ఈ కడపటి వాదమునకు బలము హెచ్చని మాకు తోచుచున్నది. ఏలయన పెక్కుచోట్ల తిత్తినుండి కీలువైపు సన్నని తొడిమవంటి మార్గము కనబడినది; ఆ మార్గమును కట్టివేయనిచో తిత్తి తిరిగి వచ్చిన సందర్భములును గలవు.

ఏ వాదము నిలిచినను మనకు కావలసిన మూడుమాటలు స్థిరములు. ఇది అంటువ్యాధి కాదు. ఇది బీడీచుట్టల ఫలము కాదు. తండ్రినుండి బిడ్డకు సంక్రమించుననుటకు ఆధారము లేదు. ఆ మగపెండ్లివారును ఈ సభలోనే యున్నారేమో మే మెరుగము. ఉన్నయెడల వినుటకే ఇంత విపులముగా చెప్పుచున్నాము. ఆ సంబంధము తిరిగి కుదరలేదు. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుకొనుచున్నది, బాగుగానే చదువుచున్నది.

చికిత్సను గూర్చి. సూదితో ద్రవమును లాగివేయుట సులభము గాని, ద్రవము చిక్కనిదగుటచేతను, తిత్తిగోడ మిగిలియుండుటచేతను మరల నిండుట తరచు. గుండెజబ్బులో వలె బుడగ పెట్టి విప్పుదమనినచో, బుడగ లోపలినుండి త్రోయును, ఒత్తిడి వెలుపలినుండి వచ్చుచున్నది. బుడగ తీయగానే యథాస్థితి. లోహపుజాలి నుంచినచో మోకాలు వంగునప్పుడెల్ల అదియు నలుగును. కావున శస్త్రమే ఉత్తమమని నేటి అభిప్రాయము. రోగిని బోర్ల పరుండబెట్టి మోకాలి వెనుకగా తెరచి, దారి యింకను తెరచియున్నచో తిత్తిని కోసి ద్రవమును తీసి, దాని గోడను తొలగింతురు. మా మేనల్లునికి ఇంతతోనే సరిపోయినది. కీలువైపు పోవు తొడిమను గూడ కనుగొని కట్టివేసిరి.

ఆలస్యమై రక్తము గడ్డకట్టి దారి పూర్తిగా మూతపడినచో అంతటితో పోదు. చెడిన భాగమును కోసివేసి, ఆ రోగి కాలినుండియే తీసిన సిరను అక్కడ అతుకవలయును. అచ్చు అతుకునప్పుడు తెగిన పోగును క్రొత్తపోగుతో చేర్చినట్లేయని శస్త్రవైద్యుడు మాతో చెప్పగా, మా కులవృత్తి ఎరిగి చెప్పెనో, ఎరుగక చెప్పెనో కాని, మాకు సంతోషమైనది. ఇందొక సూక్ష్మము గలదు. సిరలలో రక్తము వెనుకకు రాకుండ చిన్నతలుపులుండును. గుండెవైపు పోవు రక్తమునకు అనుకూలముగా అవి తెరచుకొనును. అదే సిరను పాదమువైపు పోవు ధమనికి బదులు ఉంచవలసినప్పుడు తలక్రిందులుగా త్రిప్పి అతుకవలయును. లేనిచో తలుపులు మూసికొనును. 1954లో స్వీడనువైద్యులు చేసినదియు సిరతో అతుకుటయే.

మా మేనల్లుడు మూడవనెలకు మగ్గమెక్కినాడు. ఏడాది కొకమారు స్కానింగు చేయించుకొమ్మనిరి. తిత్తి తిరిగి రాగల అవకాశ మున్నందున నిది యవసరము. మొన్నటి మార్కండేయ జయంతి ఊరేగింపులో అతడు ఊరంతయు నడచినాడు. చాటుగా గొణిగినవారు రోడ్డుప్రక్కన నిలిచి చూచినారు.

పాదమున నాడి చూచుట ఇంటింట నేర్వవచ్చును. చీలమండ లోపలిగుబ్బకు వెనుకభాగమున మూడువ్రేళ్లు మెత్తగా ఆనించిన నొక నాడి తగులును. పాదము పైభాగమున బొటనవ్రేలి నరమునకు వెలుపలిప్రక్క మరియొకటి. కొందరికి ఈ రెండవది పుట్టుకతోనే చేతికి తగులదు, దానికి భయపడనక్కరలేదు. రెండుకాళ్లను పోల్చి చూడవలయును. నడిచిన పిక్కనొప్పి వచ్చి నిలిచిన పోవుచున్నచో, వయస్సు ఎంతయైనను, పొగ ముట్టనివాడైనను, నాడి కొట్టుచున్నను, రక్తనాళముల వైద్యునికి చూపవలయును. మోకాలు వంచి గూడ నాడి చూడుమని రోగియే అడుగవచ్చును. అడిగినందుకు కోపించు వైద్యుడు ఉండరాదు. ఒక్కసారిగా కాలు చల్లబడి, పాలిపోయి, నొప్పి నిలువనీయనిచో అది గంటలలో తేలవలసిన విషయము; తెల్లవారుదాక ఆగరాదు.

కడపట ఒక విన్నపము. మన సంఘపు వైద్యసహాయనిధి నియమముల ప్రకారము ఆసుపత్రిలో చేరినవారికే సహాయము లభించుచున్నది. రోగమేదో తెలియుటకు ముందు చేయవలసిన పరీక్షలకు ఒక్కరూపాయియు రాదు. మా మేనల్లుడు స్కానింగు రుసుమునకై ఆరునెలలు వెనుకాడెను. మగ్గముమీద వచ్చు కూలితో నిల్లు గడుపువాడు వెనుకాడుట సహజమే. ఆ ఆరునెలలలో దారి మూతపడియుండినచో శస్త్రవ్యయము ఎంత పెరిగియుండునో పోషకులు లెక్క వేయగలరు. కావున రక్తనాళపరీక్షల రుసుములో సగమును నిధినుండి ఇచ్చునట్లు నియమమును సవరింపవలయునని ప్రతిపాదించుచున్నాము. మన వధూవరుల పరిచయవేదికవారు ఏ కుటుంబమును గూర్చియైనను వైద్యుని పత్రము లేని ఆరోగ్యవార్తను నోటిమాటగా నైనను అందింపరాదని రెండవ ప్రతిపాదన. మొదటిదానిని బలపరచుటకు కోశాధికారిగారు అంగీకరించియున్నారు. రెండవదానిని బలపరచువారు స్త్రీలలోనుండి వచ్చినచో బాగుండునని మా కోరిక. మధ్యాహ్నపు సభలో చర్చకు రానున్నది.